ఎలుక దేన్ని నమ్ముతుంది?

చదువుకునే రోజుల్లో కొన్ని నెలలు ఒక ప్రయోగశాలలో ఎలుకలకు శిక్షణ ఇచ్చే పని చేశాను. చెప్పుకోవడానికి తేలికైన పనే. ఒక పెట్టె, దాని గోడకు వరసగా మూడు రంధ్రాలు. ఎలుక మధ్య రంధ్రంలో ముక్కు పెట్టగానే ఎడమ పక్కనో కుడి పక్కనో చిన్న దీపం వెలుగుతుంది. వెలిగిన వైపు రంధ్రంలో ముక్కు పెడితే ఒక చుక్క నీళ్ళు వస్తాయి. తప్పు వైపు వెళితే కాసేపు ఏమీ జరగదు. మొదట్లో అది ఎటు పడితే అటు వెళ్ళేది. మూడో వారం దాటేసరికి పదింట తొమ్మిది సార్లు సరైన వైపే వెళ్ళసాగింది. "దీపం చూసి వైపు ఎంచుకోవడం వచ్చేసింది" అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఒకరోజు పని మొదలుపెట్టిన అరగంటకు చూస్తే దీపాలకు వెళ్ళే వైరు ఊడి ఉంది. అంతసేపూ ఏ దీపమూ వెలగలేదన్నమాట. స్క్రీన్ మీద స్కోరు చూశాను. పదింట తొమ్మిది. ఒక్కసారిగా టెన్షన్ పట్టుకుంది. ఎలుకను దాని గూట్లో పెట్టేసి, పెట్టెలోకి తల వంచి, ఒక చేత్తో ట్రయల్ బటన్ నొక్కుతూ కూర్చున్నాను. ఏమీ వినపడలేదు. గదిలో ఏసీ ఆపి మళ్ళీ విన్నాను. అప్పుడు దొరికింది. దీపానికి కరెంటు వదిలే రిలే గోడ వెనక ఉంటుంది. ఎడమ దీపమైతే ఎడమ నుంచి, కుడి దీపమైతే కుడి నుంచి, గోరుతో గాజును తాకినంత చిన్న 'టిక్'.

మా సీనియర్‌కు చూపిస్తే ఆవిడ నన్ను తిట్టలేదు. "నువ్వు దీపం నేర్పుతున్నావనుకున్నావు. దానికి కావలసింది నీళ్ళు. నీళ్ళు ఎటో ఏది సరిగ్గా చెబితే దాన్ని నమ్మింది, అంతే" అంది.

ఆ మాట ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు. ఇంద్రియాల గురించి ఏది చదివినా దాని పక్కన పెట్టి చూసుకుంటాను.

మెదడు గురించి మనందరికీ చిన్నప్పుడే మనసులో పడిపోయిన బొమ్మ ఒకటుంది. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం: ఐదు వాకిళ్ళు. ఒక్కో వాకిట్లోంచి వచ్చిన కబురు మెదడులో దాని గదికి వెళుతుంది. గదులన్నీ దాటాక లోపలెక్కడో ఒక కూడలి, అక్కడ ఐదు కబుర్లూ కలిసి ఒక లోకంగా తయారవుతాయి. చక్కటి బొమ్మ. పిల్లలకు చెప్పడానికి వీలైన బొమ్మ. పరిశోధకులు కూడా ఏళ్ళ తరబడి ఆ కూడలి కోసమే వెతికారు. ఎలుక మెదడు గురించి మనకు ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి ఆ బొమ్మను పక్కన పెట్టాల్సిన సమయం వచ్చిందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎక్కడ కలుస్తాయి అనే ప్రశ్న మనల్ని చాలాసార్లు దారి తప్పించింది. ఈ క్షణంలో, ఈ పని చేస్తున్న ఈ జంతువు దేన్ని ఎంత నమ్ముతోంది అన్నదే అడగాల్సిన ప్రశ్న.

ముందు ఎలుక ఉండే లోకాన్ని కాస్త చూడాలి. మామూలు రంగున్న ఎలుక చూపు, మంచి చూపున్న మనిషి చూపుకన్నా ముప్ఫై రెట్లకు పైగా మసక. మనకు విడివిడిగా కనపడే సన్నటి గీతలు దానికి బూడిదరంగు మరక. ప్రయోగశాలల్లో ఎక్కువగా కనిపించే ఎర్రకళ్ళ తెల్ల ఎలుకలకైతే అందులోనూ సగమే. పైగా రెండు కళ్ళూ మన కళ్ళలా జంటగా కదలవు. తల వంచితే ఒకటి ఒకవైపు, ఇంకొకటి ఇంకోవైపు తిరుగుతాయి. జర్మనీలో ట్యూబింగెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2013లో, స్వేచ్ఛగా తిరిగే ఎలుకల తలలకు బుల్లి కెమెరాలు అమర్చి ఈ సంగతి కనిపెట్టారు. ముందున్న వస్తువు మీద రెండు కళ్ళూ నిలపడం కన్నా, నెత్తిమీది ఆకాశాన్ని రెండు కళ్ళతోనూ కాపలా కాయడం దానికి ముఖ్యం. గద్ద వచ్చేది అటు నుంచే మరి.

మసక చూపు మిగిల్చిన ఖాళీని మీసాలు పూరిస్తాయి. ముక్కుకు ఇటూ అటూ ముప్ఫై చొప్పున ఉండే పొడుగాటి మీసాలను ఎలుక సెకనుకు ఐదు నుంచి పది పన్నెండు సార్లు ముందుకూ వెనక్కూ ఊపుతూ ఉంటుంది. ఒక్కో మీసానికీ మెదడు పైపొరలో, అంటే కార్టెక్స్‌లో, సొంత జాగా ఉంది. పీపాల ఆకారంలో వరసగా పేర్చినట్టుండే ఆ కణాల గుత్తులను 1970లో వూల్సీ, వాండర్‌లూస్ చిట్టెలుకల్లో గుర్తించి వర్ణించారు. ఏ వరసలో ఎన్నో మీసమో, అదే వరసలో అన్నో పీపా. ఇంత చక్కటి అమరిక చూశాక "ఏ ఇంద్రియానిది ఆ గది" అనే బొమ్మ మీద ఎవరికైనా నమ్మకం పెరుగుతుంది. నాకూ పెరిగింది.

అయితే మీసం ఒంటరిగా ఊగదు. ఏదైనా కొత్తది ఎదురైనప్పుడు ఎలుక చకచకా వాసన పీలుస్తుంది, ఆ పీల్పుతో లయ కలిపి మీసాలు ఊగుతాయి. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్లైన్‌ఫెల్డ్ బృందం 2013లో దీని మూలాన్ని మెదడు కాండంలో పట్టుకుంది. అక్కడ శ్వాస లయను పుట్టించే కణాలు పక్కనే ఉన్న మీసాల లయను తమ తాళానికి లాగుతాయి. ముక్కు ఒక గుక్క వాసన తీసుకున్నప్పుడే మీసాలు ఒక విడత తడుముతాయి. వాసన గదికీ స్పర్శ గదికీ కబురు చేరకముందే, కబురు సేకరించే దశలోనే ఆ రెండూ జత కట్టేశాయి. కూడలిని లోపల ఎక్కడో వెతకడం మొదలుపెట్టినప్పుడు మనం దీన్ని దాటేసి వెళ్ళిపోయాం.

ఆ వెతుకులాట చరిత్ర చాలా పాతది. నాకు అందులో అన్నిటికన్నా బాధ కలిగించేదీ, ఎక్కువ నేర్పించేదీ షికాగోలో జాన్ వాట్సన్ 1907లో ప్రచురించిన పని. తర్వాత, మనసును కాక బయటికి కనిపించే ప్రవర్తననే చదవాలనే ప్రవర్తనావాదానికి ఆద్యుడిగా పేరు తెచ్చుకున్న మనిషే. ఎలుక చిక్కుదారి ఎలా నేర్చుకుంటుందో తేల్చడానికి ఆయన ఒక్కో ఇంద్రియాన్నీ తీసేస్తూ పోయాడు. కొన్నిటికి కళ్ళు, కొన్నిటికి వినికిడి, కొన్నిటికి వాసన, కొన్నిటికి మీసాలు. ఏది తీసేసినా ఎలుకలు దారి పట్టేస్తూనే ఉన్నాయి. కాబట్టి కన్నూ చెవీ ముక్కూ ముఖ్యం కావు, తన కండరాలు ఎంత కదిలాయన్న లోపలి అనుభూతితోనే ఎలుక దారి నేర్చుకుంటుంది అని ఆయన తేల్చాడు.

ఆ ఎలుకలు పడిన బాధ ఎంతో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అప్పట్లోనే పత్రికల్లో దాని మీద నిరసన వచ్చింది. అంత బాధ పెట్టి రాబట్టిన ముగింపులో తర్కం కూడా నిలబడదు. నాలుగు స్తంభాల మీద నిలిచిన పందిరికి ఒక్కో స్తంభం తీసి చూసి, మళ్ళీ పెట్టేసి, ఏది తీసినా పడలేదు కాబట్టి ఏ స్తంభమూ అక్కర్లేదు అన్నట్టు. బర్క్‌లీలో మనస్తత్వవేత్త టోల్మన్ దగ్గర పనిచేసిన హాంజిక్ 1936లో ఈ లోపాన్ని పట్టుకున్నాడు. ఇంద్రియాలను ఒకటొకటిగానే కాక జతలు జతలుగా కూడా లేకుండా చేసి చూశాడు. ఒకటి పోతే ఎలుక పెద్దగా తడబడదు, మిగతావి ఆదుకుంటాయి. రెండు మూడు కలిపి పోతే మాత్రం బాగా కష్టపడుతుంది. కండరాల అనుభూతి ఒక్కటే మిగిలినప్పుడు దారి నేర్చుకోవడం దాని వల్ల కాలేదు.

వాట్సన్ పూర్తిగా పొరబడ్డాడని కూడా అనను. 1908లో ఆయన, హార్వే కార్ అనే పరిశోధకుడు కలిసి చేసిన ప్రయోగం ఒకటుంది. ఒక దారిని ఎలుకలు బాగా వంటబట్టించుకున్నాక అందులో ఒక సందును పొట్టి చేశారు. పరుగున వచ్చిన ఎలుకలు ఎదుటి గోడకు వెళ్ళి గుద్దుకున్నాయి. కళ్ళున్నాయి, మీసాలున్నాయి, అయినా గుద్దుకున్నాయి. బాగా అలవాటైన దారిలో అవి కళ్ళను, మీసాలను అడగడం మానేసి తమ అడుగుల లెక్కనే నమ్మాయి. కొత్త దారిలో ఎలుక నమ్మేది ఒకటి, పాత దారిలో నమ్మేది ఇంకొకటి. నిత్యం దిగే మెట్లను చీకట్లో దిగుతూ, చివర ఇంకో మెట్టు ఉందనుకుని కాలు గాల్లో వేసినవాళ్ళకు ఆ ఎలుక పరిస్థితి తెలుసు. నూరేళ్ళ కిందటి ఆ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చదివి ఉంటే, కూడలి ఎక్కడ అని అడగడం మానేసి, నమ్మకం ఎలా మారుతుంది అని మనం ఎప్పుడో అడిగి ఉండేవాళ్ళం.

మధ్యలో పిల్లి మీద జరిగిన పనిని క్లుప్తంగానైనా చెప్పాలి. మెరెడిత్, స్టైన్ 1983లో పిల్లి మధ్యమెదడులోని సుపీరియర్ కొలిక్యులస్ అనే భాగంలో, వెలుగుకూ శబ్దానికీ రెండిటికీ స్పందించే కణాలను వివరించారు. వెలుగు, శబ్దం ఒకే చోటు నుంచి, దాదాపు ఒకే సమయానికి వస్తే ఆ కణాల స్పందన బాగా పెరుగుతుంది. విడివిడిగా అవి ఎంత బలహీనమైతే, కలిసినప్పుడు లాభం అంత ఎక్కువ. పట్టపగలు ఎదురుగా నిలబడ్డ మనిషిని గుర్తుపట్టడానికి అడుగుల చప్పుడు అక్కర్లేదు. మసక చీకట్లో ఆ చప్పుడే ఆధారం. ఎలుక బతుకంతా ఆ మసకలోనే గడుస్తుంది కాబట్టి, ఈ సూత్రం దానికి ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు విషయం, తూకం. ఇద్దరు సాక్షులు ఒకే సంగతి చెబుతున్నారనుకోండి. ఒకరి మాట ఎప్పుడూ నిలకడగా ఉంటుంది, ఇంకొకరిది అటూ ఇటూ ఊగుతుంది. తెలివైనవాళ్ళు ఇద్దరి మాటా వింటారు, నిలకడ ఉన్నవాళ్ళ మాటకు ఎక్కువ బరువిస్తారు. ఎవరికెంత అన్నదానికి కచ్చితమైన లెక్క కూడా ఉంది: ఊగిసలాట ఎంత ఎక్కువైతే బరువు అంత తక్కువ. ఇద్దరూ సమానంగా నమ్మదగినవాళ్ళయితే, ఇద్దరినీ కలిపి విన్నప్పుడు తప్పే మేర ఒక్కరినే విన్నప్పటికన్నా సుమారు 30 శాతం తగ్గుతుంది. మనుషులు చూపునూ స్పర్శనూ దాదాపు ఈ లెక్క ప్రకారమే కలుపుతారని ఎర్న్‌స్ట్, బ్యాంక్స్ 2002లో చూపించారు.

ఎలుక అలా చేస్తుందా? న్యూయార్క్ దగ్గర కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో ఆన్ చర్చ్‌లాండ్ బృందం 2012లో, 2013లో దీన్ని పరీక్షించింది. నా పెట్టెలాంటిదే, మూడు రంధ్రాల పెట్టె. సెకను పాటు దీపం మినుకుమినుకుమంటుంది, లేదా టిక్కుటిక్కుమని శబ్దం వస్తుంది, లేదా రెండూ. ఆ సెకనులో వచ్చినవి ఎక్కువా తక్కువా అన్నది ఎలుక తేల్చాలి. రెండూ ఉన్నప్పుడు ఎలుకలు ఒక్కటే ఉన్నప్పటికన్నా బాగా చేశాయి. వాటితో పాటు అదే పని చేసిన మనుషులూ అంతే. ఒక ఇంద్రియం కబురును కావాలని మసకబరిస్తే రెండోదాని మీద బరువు పెంచాయి. నన్ను కదిలించిన సంగతి ఇంకొకటుంది. వెలుగూ శబ్దమూ ఒకే క్షణానికి పడకుండా, దేని వరస దానిదిగా వచ్చినా లాభం తగ్గలేదు. రెండూ ఒకేసారి ఒక కణాన్ని తట్టాలనే నియమం అక్కడ అవసరపడలేదు. సెకను పొడుగునా ఎవరి లెక్క వాళ్ళు పోగేసుకుని, ఆ లెక్కలను కలుపుతున్నట్టుంది.

మరి కలిపేది ఎక్కడ? అందరి చూపూ పెరైటల్ కార్టెక్స్ మీద పడింది. చూపు గదికీ స్పర్శ గదికీ మధ్య సరిహద్దులాంటి చోటు, రెండు వైపుల కబుర్లూ చేరే చోటు. అదే బృందం 2014లో ఆ భాగాన్ని మందుతో కాసేపు నిద్రపుచ్చి చూసింది. అది నిజంగా కూడలి అయితే కలిపే శక్తి పోవాలి. పోలేదు. చూపుతో తీసుకునే నిర్ణయాలు దెబ్బతిన్నాయి, వినికిడి నిర్ణయాలకు ఏమీ కాలేదు, రెండూ ఇచ్చినప్పుడు ఎలుకలు దాదాపు మామూలుగానే చేశాయి. కూడలి అనుకున్న చోటును మూసేస్తే రాకపోకలు ఆగలేదు.

దీనికి ఎదురుగా ఇటలీలోని ట్రియెస్టెలో మాథ్యూ డైమండ్ బృందం 2018లో ఇచ్చిన ఫలితాన్ని పెట్టాలి, లేకపోతే నా వాదన ఒకవైపు బండి అవుతుంది. గీతలు ఉబ్బెత్తుగా చెక్కిన పళ్ళెం ఒకటి. ఆ గీతలు అడ్డంగా ఉన్నాయా నిలువుగా ఉన్నాయా అన్నది ఎలుక చెప్పాలి. ఒకసారి చీకట్లో మీసాలతో తడిమి, ఒకసారి మీసాలకు అందని దూరంలో కళ్ళతో చూసి, ఒకసారి చూస్తూ తడిమి. రెండూ దొరికినప్పుడు ఎలుకలు సాక్షుల లెక్క చెప్పినదానికన్నా కూడా బాగా చేశాయి. పెరైటల్ కార్టెక్స్ కణాలు ఆ గీతల వాటం గురించి మాట్లాడాయి. చూసి తెలుసుకున్నా తడిమి తెలుసుకున్నా అవి చెప్పేది దాదాపు ఒకటే. కాబట్టి ఆ చోటుకు పనేమీ లేదని ఎవరూ అనలేరు. ఒక పనిలో దాని పాత్ర ఒకటి, ఇంకో పనిలో ఇంకొకటి. వస్తువును ముక్కు కింద పెట్టుకుని తడిమే పనీ, సెకను పాటు దీపాలు లెక్కపెట్టే పనీ ఎలుకకు ఒక్కటి కావు కదా.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో కరాందీనీ, హారిస్‌ల ప్రయోగశాల నుంచి 2023లో వచ్చిన పని నాకు ఇంకా నచ్చింది. చిట్టెలుక ముందు ఒక చిన్న చక్రం. బొమ్మ ఎడమనో కుడినో కనిపిస్తుంది, శబ్దం కూడా ఎడమనో కుడినో వినిపిస్తుంది, అది చక్రం తిప్పి వైపు చెప్పాలి. కొన్నిసార్లు రెండూ తగవులాడతాయి: బొమ్మ కుడిన, శబ్దం ఎడమన. చిట్టెలుకల నిర్ణయాలన్నీ ఒక సాదా కూడికకు సరిపోయాయి. చూపు ఇచ్చిన సాక్ష్యం, దానికి వినికిడి ఇచ్చిన సాక్ష్యం కలిపితే ఎంతో, అంత మొగ్గు. తర్వాత కార్టెక్స్ మీద చుక్క చుక్కకూ వెలుతురు వేసి ఆ చోటును మాత్రం క్షణం పాటు మౌనం చేస్తూ పోయారు. చూపు భాగాన్ని ఆపితే చూపు సాక్ష్యం ఒక్కటే పోయింది. నుదుటి వైపు, కదలికను సిద్ధం చేసే భాగాన్ని ఆపితే రెండూ దెబ్బతిన్నాయి. అంటే ఈ పనిలో రెండు సాక్ష్యాలూ కలిసినట్టు కనిపించేది, ఎటు తిరగాలి అని శరీరం సిద్ధమయ్యే చోట. కలపడం చేతకు, అంటే చేసే పనికి, దగ్గరలో జరుగుతోంది.

చేత అనే మాట దగ్గర ఆగాలి, ఎందుకంటే నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కుదిపిన ఫలితం దాని గురించే. చిట్టెలుక చూపు కార్టెక్స్ శబ్దాలకు కూడా స్పందిస్తుందని చాలా ప్రయోగాల్లో కనపడింది. చెవి గది నుంచి కంటి గదికి నేరుగా కబురు వెళుతోంది, ఎంత తొందరగా కలిసిపోతున్నాయో చూడండి అని నేను కూడా స్నేహితులకు ఉత్సాహంగా చెప్పేవాణ్ణి. అదే లండన్ ప్రయోగశాలలో బింబార్ తదితరులు 2023లో ఆ చిట్టెలుకల ముఖాలను కెమెరాతో దగ్గరగా చూశారు. శబ్దం రాగానే చిట్టెలుక చిన్నగా కదులుతోంది. మీసాలు, మూతి, ఒళ్ళు. ఏ శబ్దానికి ఎలాంటి కదలికో కూడా ఒక తీరు ఉంది. చూపు కార్టెక్స్‌లో కనపడిన "శబ్ద స్పందన"లో చాలా భాగం ఆ కదలికల నుంచి ముందుగానే అంచనా వేయవచ్చని తేలింది. ఒక పక్కన చెవి భాగం నుంచి చూపు భాగానికి వచ్చే తీగలను తెంపేసినా ఆ స్పందన పోలేదు.

దీన్ని చదివినప్పుడు నాకు ఆ రిలే టిక్కు గుర్తొచ్చింది. దీపం చూస్తోందని నేననుకున్న ఎలుక శబ్దం వింటోంది. శబ్దం వింటోందని అందరం అనుకున్న మెదడు భాగం కదలికను చెబుతోంది. అయితే ఇంద్రియాల కలయిక అంతా భ్రమేనా? కాదు. శబ్దం చూపు కార్టెక్స్‌ను నేరుగా అణచగలదని 2012లో యూరిల్లీ తదితరులు మత్తులో ఉన్న చిట్టెలుకల్లోనే చూపించారు. మత్తులో మీసం ఊగదు. నేరు దారులు ఉన్నాయి. నేననేది ఇంతే: మెలకువగా ఉన్న జంతువులో కదలికను కొలవకుండా కలయికను కొలిచామని చెప్పుకోకూడదు. చప్పుడు వింటే తల తిరుగుతుంది, తల తిరిగితే దృశ్యం మారుతుంది, మీసాలు కొత్త గాలిని తాకుతాయి, ముక్కు కొత్త గుక్క పీలుస్తుంది. వీటిలో ఏదో ఒకదాన్ని ఊడదీసి ఇది చెవి పని, ఇది కంటి పని అని చీటీ అంటించే హక్కు మనకు ఎంతవరకు ఉంది?

నమ్మకం బతుకును బట్టి కూడా మారుతుంది. చిట్టెలుక పిల్ల గూటి నుంచి జారి దూరమైతే, మన చెవికి అందని 60, 70 కిలోహెర్ట్జ్ దగ్గర కేకలు పెడుతుంది. తల్లి వెతికి, నోట కరుచుకుని తెచ్చుకుంటుంది. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో ఆడీ మిజ్రాహీ బృందం 2011లో తల్లుల వినికిడి కార్టెక్స్‌లో కణాల మాట వింటూ వాటికి పిల్లల వాసన చూపించింది. వాసన తగలగానే ఆ కణాలు శబ్దాలకు స్పందించే తీరు మారిపోయింది. పిల్లల ముఖమే ఎరగని ఆడ చిట్టెలుకల్లో ఆ మార్పు లేదు. పిల్లలను కనకపోయినా తల్లితో కలిసి సాకిన ఆడవాటిలో ఉంది. ముక్కు వచ్చి చెవిని సరిచేయడం అనేది పుట్టుకతో బిగించిన తీగ అయితే అన్నిటిలోనూ ఉండాలి. సాకితేనే వచ్చింది.

చీకట్లోనూ ఇదే కథ. మెదడు లోపల హిప్పోకాంపస్ అనే భాగంలో, ఎలుక ఒక ఫలానా చోట ఉన్నప్పుడే పలికే కణాలుంటాయి. 1971లో ఓకీఫ్, దోస్త్రోవ్‌స్కీ వెలుగులోకి తెచ్చారు, ఆ పనికి ఓకీఫ్‌కు 2014లో నోబెల్ వచ్చింది. పసితనంలోనే చూపు పోయిన ఎలుకల్లో ఆ కణాలు ఎలా ఉంటాయో 1998లో ఫ్రాన్స్‌లో చూశారు. దాదాపు మామూలు ఎలుకల్లో లాగే ఉన్నాయి. ఒక తేడా మాత్రం ఉంది. ఆవరణలో ఉంచిన వస్తువుల్లో ఏదో ఒకదాన్ని ఎలుక వెళ్ళి తాకేదాకా ఆ కణాలు తమ చోటు చెప్పవు. తాకాక చెబుతాయి. చూపున్న ఎలుక దూరం నుంచే సాక్షిని అడుగుతుంది, చూపులేనిది నడిచి వెళ్ళి అడుగుతుంది. "నేనిక్కడున్నాను" అనే తీర్పు రెండిటికీ ఒకటే.

జపాన్‌లో మకోతో వాదా తదితరులు 2016లో ప్రచురించిన ప్రయోగం చదివితే, ఈ తూకం ఎంత లోతుకు దిగుతుందో తెలుస్తుంది. చిట్టెలుక కళ్ళకు కనపడేలా ఒక రబ్బరు తోకను పెట్టారు. దాని అసలు తోకనూ రబ్బరు తోకనూ రెండు కుంచెలతో ఒకే తాళంలో నిమిరారు. కొంతసేపయ్యాక రబ్బరు తోకను గభాల్న పట్టుకున్నారు. చిట్టెలుక తన తోకనే ఎవరో పట్టుకున్నట్టు తల తిప్పింది. కుంచెలు తాళం తప్పి నిమిరినప్పుడు అంతగా తిప్పలేదు. కంటికి కనపడే కదలికా, ఒంటికి తగిలే స్పర్శా ఒకే తాళంలో నడిచేసరికి, తన ఒళ్ళు ఎక్కడిదాకా అన్న హద్దు కూడా జరిగిపోయింది. ఇంత చిన్న ప్రాణికి 'నాది' అనిపించడం వెనక కూడా సాక్షుల లెక్కే నడుస్తోంది.

అందుకే ప్రయోగశాలల అలవాట్లలో కొన్నిటితో నాకు పేచీ ఉంది. తల కదలకుండా బిగించి, మీసాలకు తాకడానికి ఏమీ లేకుండా చేసి, వాసనలన్నీ తుడిచేసి, రాత్రి తిరిగే జంతువును పగటి వెలుతురులో తెర ముందు కూర్చోబెట్టి "చిట్టెలుక చూపు ఇలా పనిచేస్తుంది" అని రాయడం నాకు మింగుడుపడదు. బిగించిన తలతో తెలిసిన సంగతులు ఎన్నో ఉన్నాయి, పైన చెప్పిన చక్రం ప్రయోగం కూడా అలాంటిదే. కొలత కచ్చితంగా రావాలంటే కొన్నిటిని కట్టేయక తప్పదు. కట్టేసిన సంగతి ముగింపు రాసేటప్పుడు గుర్తుంటే చాలు. ఒక ఇంద్రియాన్ని వేరుచేశామని చెప్పేముందు మిగతావన్నీ ఏం చేస్తున్నాయో కెమెరా పెట్టి, మైకు పెట్టి, ముక్కు దగ్గర శ్వాస కొలిచి చూడాలి. ఎలుక ప్రాణాన్ని తీసుకుంటున్నాం కాబట్టి, అది నిజంగా ఏం చేసిందో తెలుసుకోవడం మన బాధ్యత.

నా పెట్టె సంగతి చెప్పి ఆపుతాను. ఆ సాయంత్రం వైరు బిగించి, ప్రతి ట్రయల్‌కూ ఎడమ రిలే, కుడి రిలే రెండూ ఒకేసారి కొట్టుకునేలా ప్రోగ్రాము మార్చాం. ఇప్పుడు టిక్కు రెండు వైపుల నుంచీ వస్తుంది, దీపం మాత్రం ఒక వైపే. మర్నాడు అదే ఎలుకను దింపి, ఎర్ర దీపం వెలుతురులో పక్కన కూర్చున్నాను. అది ఎప్పటిలాగే మధ్య రంధ్రంలో ముక్కు పెట్టింది. టిక్కుమంది. ఎలుక కదల్లేదు. చెవులు ఒకటి అటూ ఒకటి ఇటూ తిరిగాయి. ముక్కు బయటికి తీసి, మీసాలతో ఎడమ రంధ్రం అంచును తడిమింది, వాసన చూసింది, వెనక్కి వచ్చి కుడి రంధ్రం అంచును తడిమింది. అప్పటికి ఎడమ దీపం వెలుగుతూనే ఉంది. తల ఎత్తి కాసేపు అటు తిరిగి ఉండిపోయింది. తర్వాత ఎడమ రంధ్రంలో ముక్కు పెట్టింది.